పత్తర్‌గట్టి పాఠాలు: సైన్సు మాస్టార్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ ముందు మన బడి జ్ఞాపకాల గురించే ఆలోచించాను. బెత్తం దెబ్బలు, మధ్యాహ్నం గంట, గుల్జార్ హౌజ్ దగ్గర కొనుక్కు తిన్న చిరుతిళ్లు ఇవన్నీ నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈ బడిలో చదువుకుని, తర్వాత పాతబస్తీలోనే మరో బడిలో ముప్ఫై ఏళ్లు ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన సంగతే రాస్తాను. పిల్లలకు సైన్సు చెప్పే మాస్టారు తను ఎక్కడ నేర్చుకుంటాడు? ఎవరితో కలిసి నేర్చుకుంటాడు? తన బడి చుట్టూ ఉన్న పనివాళ్లకు తెలిసిన విద్య ఆయన చెవిన పడుతుందా, లేదా? ఈ ప్రశ్నలకు మన ఊళ్లో, మన ప్రాంతంలో ఒక పెద్ద చరిత్ర ఉంది. దాన్ని నాకు తెలిసినంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

రాతి బజారు

మన పేటకు పేరులోనే రాయి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ఊడ్చిపెట్టుకుపోయాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు సందులు తీసేసి వెడల్పు రోడ్లు, కొత్త బజార్లు కట్టించిన ఆ బోర్డు పనుల్లో ఒకటి మదీనా చౌరస్తా నుంచి చార్‌కమాన్ వైపు సాగే ఈ రాతి కమాన్ల వరస. మనం ఎండకు, వానకు ఆ కమాన్ల కింద నుంచే బడికి నడిచాం. ఆ రాయి గ్రానైటు అనీ, హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు అనీ నాకు తెలిసింది మాత్రం మాస్టారినయ్యాకే.

ఆ రాతిని పగలగొట్టిన వడ్డెరలకు భూగర్భ శాస్త్రం పుస్తకాలు తెలియవు. రాయి ఏ వాలున చీలుతుందో మాత్రం సుత్తి దెబ్బ చప్పుడును బట్టే చెప్పగలరు. వరసగా గుంటలు తొలిచి, చీలలు దిగ్గొట్టి, బండను రొట్టె తుంచినట్టు రెండుగా విడదీస్తారు. ఒత్తిడిని ఒక సన్నటి గీత వెంట పోగుచేయడం అనే పాఠం అందులోనే ఉంది.

1591 నాటి చార్మినార్‌ది ఇంకో పాఠం. దాని గోడలను పట్టి ఉంచినది సున్నం. రాతి సున్నాన్ని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి గుల్ల సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది బుసలు కొడుతూ వేడెక్కి తడి సున్నం అవుతుంది. ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చి గోడకు మెత్తితే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఏళ్ల తరబడి పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. రాయి నుంచి రాయి దాకా తిరిగే ఈ చక్రాన్ని మూడు రసాయన సమీకరణాలుగా నల్లబల్ల మీద రాసి చేతులు దులుపుకుంటాం. 2019 మే నెలలో చార్మినార్ మినార్ మీది గచ్చు పెళ్ల ఒకటి ఊడి పడినప్పుడు, దాన్ని బాగుచేయడానికి సిమెంటు పనికిరాదనీ, పాత పద్ధతి సున్నమే కావాలనీ పురావస్తు శాఖకు తెలుసు. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను ఒక్కసారైనా మన క్లాసులోకి పిలిచామా అన్నదే ప్రశ్న.

అచ్చురాయి నుంచి అనువాద సంస్థ దాకా

పాతబస్తీలో ఆధునిక సైన్సు చదువు ఇంగ్లీషు బడులతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అంతకంటే ముందే ఇక్కడ ఒక ప్రయత్నం జరిగింది. పైగా ప్రభువైన నవాబు ఫక్రుద్దీన్ ఖాన్, షంసుల్ ఉమ్రా బిరుదున్నవాడు, 1830, 40 దశకాల్లో మదరసా ఫక్రియా పెట్టించి, యూరపు భాషల్లోని సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చేందుకు పండితులను కూర్చాడు. యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు మీద ఆరు చిన్న గ్రంథాలు 'సిత్తా షంసియా' పేరుతో ఆయన సొంత రాతి అచ్చుకూటంలో అచ్చయ్యాయి. ఆ గ్రంథాలు ప్రశ్న జవాబుల రూపంలో సాగుతాయి. గురువు చెబితే శిష్యుడు వినడం మాత్రమే కాకుండా, అడిగి తెలుసుకునే పద్ధతి అది.

1850లలో మొదటి సాలార్‌జంగ్ దారుల్ ఉలూమ్ స్థాపించాడు. మన వీధి చివర మూసీ ఒడ్డున 1921లో కట్టిన సిటీ హైస్కూలు భవనం, ఇప్పటి సిటీ కాలేజీ, ఆ వారసత్వానికి చెందినదే.

తెలుగు వైపు చూస్తే, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రాల మీద తెలుగులో పుస్తకాలు తేవాలన్నది వాళ్ల సంకల్పం. రెండేళ్లకు మండలి మద్రాసుకు తరలిపోయినా, సైన్సును తెలుగులో చెప్పవచ్చుననే ధైర్యం ఇక్కడే పుట్టింది.

ఇక 1917లో ఏర్పడిన అనువాద సంస్థ, దారుల్ తర్జుమా సంగతి. మరుసటి ఏడాది మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అన్ని శాస్త్రాలూ ఉర్దూలో చెప్పాలి. పుస్తకాలు కావాలంటే ముందు మాటలు కావాలి. మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వంలో, శాస్త్రం తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదం మీదా వాదించుకున్నారు. మాటలు ఎలా కట్టాలో వివరిస్తూ వహీదుద్దీన్ సలీమ్ 1921లో ఒక గ్రంథమే రాశాడు. ఉపాధ్యాయులు కలిసి కూర్చుని తమ విషయాన్ని తామే మళ్లీ నేర్చుకోవడానికి మన నగరంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ పనినే తెలుగులో చేసింది.

ఈ ప్రయత్నాలన్నిటిలో నాకు ఒక్క వెలితి కనిపిస్తుంది. ఆ బల్ల చుట్టూ అరబ్బీ తెలిసిన మౌల్వీ ఉన్నాడు, సంస్కృతం తెలిసిన పండితుడు ఉన్నాడు, ఇంగ్లీషు తెలిసిన ప్రొఫెసర్ ఉన్నాడు. కొలిమి పనివాడికి, అద్దకం పనివాడికి, కళాయివాడికి అక్కడ కుర్చీ లేదు. కళాయివాడు రోజూ వాడే మాట నవసాగరం. మన పుస్తకంలో అది అమ్మోనియం క్లోరైడు. ఈ రెండూ ఒకటేనని తెలియకుండానే పరీక్ష పాసైనవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాస్తే చిలుం పడుతుందని మన అమ్మలకు తెలుసు. వేడి గిన్నె మీద నవసాగరం చల్లి పైపొరను శుభ్రం చేసి, తగరం పూసి దూదితో రుద్దితే ఆ గండం తప్పుతుందని కళాయివాడికి తెలుసు. ఆమ్లం, లోహం, రక్షణ పూత అన్న మూడు పాఠాలు నాకు తెలుసు. మేం ముగ్గురం ఎప్పుడూ కలిసి కూర్చోలేదు.

కోనసముద్రం కొలిమి చెప్పేది

ఇలా కూర్చోకపోతే ఏం పోతుంది అని అడిగేవారికి నేను ఒక ఊరి పేరు చెబుతాను. నిజామాబాదు జిల్లా కోనసముద్రం. అక్కడి కమ్మరులు తయారుచేసిన ఉక్కు, యూరపువాళ్లు 'వూట్జ్' అని పిలిచినది, పర్షియా దాకా వెళ్లింది. దానికోసం పర్షియా వర్తకులే ఆ ఊరికి వచ్చేవారు. సర్వే పనిమీద హైదరాబాదు రాజ్యంలో తిరిగిన వైద్యుడు, భూగర్భవేత్త హెన్రీ వాయిజీ అక్కడి పనిని చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోగా, ఆ కథనం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్ల ప్రకారం కలపడం, మట్టి మూసల్లో పెట్టి మూసేయడం, గంటల తరబడి కాల్చడం, నెమ్మదిగా చల్లార్చడం అన్నీ అందులో ఉన్నాయి. ఇనుములోకి నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు కర్బనం ఎక్కించి, నిదానంగా చల్లారిస్తే వచ్చే గుణం అది. దాన్ని సాగగొడితే కత్తి మీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. అలాంటి కత్తులు చూడాలంటే మనకు దూరం పోనక్కర్లేదు. మన వీధి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ఉంది.

ఆ విద్య పందొమ్మిదో శతాబ్దంలో క్రమంగా అడుగంటింది. కార్ఖానా ఉక్కు దిగుమతి, అడవుల మీద, బొగ్గు మీద ఆంక్షలు, గిరాకీ పడిపోవడం అన్నీ కలిసి కొలిమిని ఆర్పేశాయి. చేతి నుంచి చేతికి అందిన విద్య ఒక తరం ఆగితే మళ్లీ రాదు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, ఇనుప చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను ఏరి లెక్కగట్టారు. ఆ బృందంలోని ఎస్. జైకిషన్ అంతకు ముందు నుంచే ఈ ఊళ్ల ఉక్కు చరిత్రను వెతికి రాసినవాడు. పెంకులు దొరికాయి గానీ, ఆ పెంకును పట్టుకున్న చేతిని అడిగి తెలుసుకునే అవకాశం వాళ్లకు లేదు. మనకు కళ్లెదుట ఇంకా పనిచేస్తున్న చేతులున్నాయి. తేడా అంతే.

మాస్టార్లు కలిసి కూర్చున్న రోజులు

స్వాతంత్ర్యం తర్వాత ఉపాధ్యాయ శిక్షణ అంటే చాలాకాలం వేసవిలో ఒక హాలు, ఒక ఉపన్యాసం, ఒక సర్టిఫికెట్టు. 1964-66 కొఠారి కమిషన్ దగ్గరి బడులన్నిటినీ ఒక స్కూల్ కాంప్లెక్సుగా కలపాలనీ, టీచర్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలనీ చెప్పింది. ఆ మాటకు నిజమైన రూపం మన పొరుగున మధ్యప్రదేశ్‌లో వచ్చింది. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లలో ఒక సైన్సు కార్యక్రమం మొదలుపెట్టాయి. విశ్వవిద్యాలయాల నుంచి, పరిశోధనా సంస్థల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు పల్లె మాస్టార్ల పక్కన నేలమీద కూర్చుని ప్రయోగాలు చేశారు. చుట్టుపక్కల దొరికే వస్తువులే పరికరాలు. పొలం, చెరువు, పురుగు, ఆకు ఇవే పాఠాలు. నెలకోసారి మాస్టార్లు కలిసి ఏ ప్రయోగం కుదిరింది, ఏది చెడింది అని మాట్లాడుకునేవారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకాలను మార్చేవారు. 1978లో అది జిల్లా అంతటికీ పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఆ పనిని అందుకుంది. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్లు నడిచిన పని ఒక ఉత్తర్వుతో నిలిచిపోయింది. అయినా అక్కడ తయారైన మాస్టార్లను ఏ ఉత్తర్వూ వెనక్కి తీసుకోలేదు.

మన రాష్ట్రంలో 1980లలో బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. పాతతరం టీచర్లకు 'యాపెప్' అంటే వెంటనే గుర్తుకొస్తుంది. అది ప్రాథమిక బడులకు సంబంధించినదే అయినా, ఉపాధ్యాయ కేంద్రం అన్న మాటను మన నోళ్లలో నానబెట్టింది అదే. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరి, తాము చేసిన కృత్యాలను ఒకరికొకరు చూపించుకునేవారు. ఆ పథకం చెప్పిన ఆరు సూత్రాల్లో ఒకటి స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం. 1996లో డి.పి.ఇ.పి. వచ్చాక మండల వనరుల కేంద్రాలు ఆ దారినే సాగాయి.

ప్రభుత్వం బయట, 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదికలో చాలామంది సభ్యులు టీచర్లే. సెలవు రోజున సొంత ఖర్చుతో వచ్చి, అట్టపెట్టెతో, సైకిల్ ట్యూబుతో ప్రయోగాలు నేర్చుకున్న తరం అది. 'చెకుముకి' పత్రిక మా స్టాఫ్ రూముకు వస్తే పిల్లల కంటే ముందు మేం చదివేవాళ్లం. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లలను తమ ఊరి సమస్య మీద తామే పరిశోధన చేయమంది. దాంతో గైడ్ టీచరు కూడా పిల్లలతోపాటు ఊరి పెద్దల దగ్గరకు వెళ్లక తప్పలేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి బయటి జీవితాన్ని బడిలోని జ్ఞానంతో ముడివేయాలంది. 2011లో మన రాష్ట్ర చట్రం వచ్చింది. ఆ తర్వాతి కొత్త పుస్తకాలను చాలావరకు టీచర్లే కలిసి రాశారు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలనీ, భారతీయ జ్ఞాన సంప్రదాయాలకు పాఠాల్లో చోటు ఇవ్వాలనీ చెప్పింది. కాగితం మీద దారి బాగానే ఉంది. ఆ 50 గంటలు ఎక్కడ, ఎవరితో గడుపుతాం అన్నది మన చేతిలోనే ఉంది.

ఒక అబ్బాయి చెప్పిన పాఠం

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ప్లాస్టిక్కుల పాఠం చెబుతున్నాను. వేడిచేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడేవి ఒక రకం. ఒకసారి గట్టిపడితే ఇక ఎంత వేడిచేసినా మెత్తబడనివి ఇంకో రకం. రెండు గళ్లు గీసి రాశాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "సార్, లక్క ఏ గడిలో రాయాలి?" అన్నాడు. మొదటి గడిలో అన్నాను. "కాదు సార్. నిప్పుల మీద ఎక్కువసేపు ఉంచితే ఇక కరగదు. పాడైపోతది. ఉస్తాద్ తిడతాడు" అన్నాడు. పిల్లలు నవ్వారు. సిలబస్‌లో లేనిది అడగొద్దని చెప్పి కూర్చోబెట్టాను.

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాతి కాంప్లెక్స్ మీటింగులో టీ తాగుతూ తోటి టీచర్లకు చెప్పాను. బయాలజీ మేడమ్ లక్క ఒక చిన్న పురుగు స్రవించే జిగురనీ, మోదుగ, కుసుమ్, రేగు చెట్ల కొమ్మల మీద పెరుగుతుందనీ చెప్పింది. లాడ్‌బజార్ దగ్గరే పుట్టి పెరిగిన ఉర్దూ మీడియం సార్ ఒకాయన, కడ్డీకి లక్క ముద్ద చుట్టి, బొగ్గుల మీద తిప్పుతూ, బల్ల మీద పొర్లించి, వంచి గాజు చేసే పని అంతా చేతులతో అభినయించి చూపించాడు. నేను ఇంటికి పోయి పుస్తకాలు తిరగేశాను. ఆ అబ్బాయి చెప్పినది అక్షరాలా నిజం. లక్కను ఎక్కువసేపు వేడిమీద ఉంచితే దాని అణువులు ఒకదానికొకటి ముడిపడిపోయి ఇక కరగని పదార్థమవుతుంది. నేను గీసిన రెండు గళ్లలోనూ అదొక్కటే ఉండగలదు. మా ముగ్గురు టీచర్లకు తలా ఒక ముక్క తెలుసు. ముక్కలన్నీ కలపగలిగిన ప్రశ్న ఎనిమిదో తరగతి పిల్లవాడిది.

మరుసటి వారం అతన్నే పిలిచి పాఠం చెప్పించాలనుకున్నాను. అతను రాలేదు. ఆ ఏడాది చివరికి పేరు హాజరుపట్టీలోంచి పోయింది. అంత కచ్చితంగా లక్క సంగతి అతనికి ఎలా తెలుసని ఆ రోజే అడిగి ఉంటే, సాయంత్రాలు అతను ఎక్కడ కూర్చుంటున్నాడో నాకు తెలిసేది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల ఖార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా బాలకార్మికులను పోలీసులు విడిపించారన్న వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అతని ముఖమే. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరితోపాటు నేనూ సంతోషించాను. ఆ సంతోషంలోనూ ఆ ముఖం ఉంది.

అందుకే స్థానిక జ్ఞానం గురించి మాట్లాడేటప్పుడు చేతివృత్తులను పొగిడి ఊరుకోకూడదు. ఆ విద్య ఎవరి చేతుల్లో ఉంది, ఎంత కూలికి, ఏ వయసులో, ఎలాంటి పొగలో అన్నది కూడా పాఠంలో భాగం కావాలి. పుట్టపాక నేత కార్మికులు ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి తేలియా రుమాలుకు సిద్ధం చేస్తారు. క్షారం, నూనె కలిస్తే ఏమవుతుందో, రంగు దారాన్ని ఎందుకు వదలదో చెప్పడానికి ఇంత చక్కటి ఉదాహరణ ఇంకొకటి లేదు. అదే పాఠంలో చింతకింది మల్లేశం ఆసుయంత్రం సంగతి కూడా చెప్పాలి. ఒక్క చీరకు తన తల్లి వేలసార్లు చేయి ఊపి ఆసు పోయడం, భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన ఆ యంత్రం చేశాడు. పెద్ద చదువులు లేని ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. వారసత్వ విద్య లోపలి నుంచే కొత్త సైన్సు ఎలా పుడుతుందో అది చూపిస్తుంది.

నమ్మకం ఎక్కడ, పరీక్ష ఎక్కడ

ఒక అనుమానం చాలామంది టీచర్లకు ఉంటుంది. స్థానిక జ్ఞానమని తలుపు తీస్తే మూఢనమ్మకం కూడా లోపలికి రాదా? రావచ్చు. అందుకే ఒంటరిగా కాకుండా నలుగురు టీచర్లు కలిసి పరీక్షించాలి.

కార్తెల సంగతి తీసుకోండి. సూర్యుడు 27 నక్షత్రాల మీదుగా ఏడాదిలో తిరుగుతాడు గనక ఒక్కో కార్తె పదమూడున్నర రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయని రైతులు తరాలుగా చూసి చెప్పారు. ఇది అనుభవంతో కూడిన మంచి లెక్క. అయితే నక్షత్రాల లెక్కన నడిచే ఏడాది, రుతువుల లెక్కన నడిచే ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. అంటే 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల నుంచి జరిగిపోతుంటాయి. వెయ్యేళ్లకు దాదాపు రెండు వారాలు, ఒక కార్తె అంత. పంచాంగం ఒక చేత్తో, వాతావరణ శాఖ వానలెక్కలు ఇంకో చేత్తో పట్టుకుని, ఏ సామెత ఇప్పటికీ సరిపోతుందో పిల్లలే తేల్చవచ్చు. తాతను అగౌరవపరచకుండానే తాత మాటను పరీక్షించడం అది.

మృగశిర కార్తె రోజునే పంచే చేపమందు మన పాతబస్తీ దూద్‌బౌలి నుంచి వచ్చినదే. తర్వాత అది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఉబ్బసానికి మందు అన్న మాట మీద జన విజ్ఞాన వేదిక అభ్యంతరం చెప్పి పోరాడింది. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అంటున్నారు. క్లాసులో ఈ సంగతి వస్తే వెక్కిరించనక్కర్లేదు, సమర్థించనూ అక్కర్లేదు. తీసుకున్నవాళ్లలో ఎంతమందికి తగ్గింది, తీసుకోనివాళ్లలో ఎంతమందికి దానంతటదే తగ్గింది, ఈ రెండూ లెక్కపెట్టకుండా మందు పనిచేసిందని గానీ చేయలేదని గానీ ఎలా చెప్పగలం అని అడిగితే చాలు. సున్నం మేస్త్రీ మాట పరీక్షకు నిలుస్తుంది. నిలవనిది ఉంటే అదీ తెలుస్తుంది. ఇద్దరికీ వర్తించేది ఒకే పరీక్ష కావాలి, అంతే.

ఈ దారిలో మనం ఒంటరివాళ్లం కాదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక వచ్చిన పాఠ్యప్రణాళిక స్థానిక జ్ఞానాన్ని సైన్సు క్లాసులో చేర్చమన్నప్పుడు, టీచర్లు ఎలా చెప్పాలో తెలియక తికమకపడ్డారు. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంలో మెషాక్ ఒగున్నియి వాళ్లను కూర్చోబెట్టి, రెండు రకాల జ్ఞానాల మధ్య వాదోపవాదాలు నడిపించే పద్ధతి నేర్పాడు. కెనడాలోని సస్కాచెవాన్‌లో గ్లెన్ ఐకెన్‌హెడ్, ఆదివాసీ పిల్లల టీచర్లతో కలిసి, ఊరి పెద్దల అనుమతి తీసుకుని, మంచు చెప్పులు, అడవి వరి వంటి వాటి మీద సైన్సు పాఠాలు తయారుచేశాడు. పెద్దల అనుమతి అన్న మాటను మనం గమనించాలి. విద్య వాళ్లది. అడిగి తీసుకోవాలి, పేరు చెప్పి వాడుకోవాలి.

మన సంఘం చేయగలిగింది

యాభై ఏళ్ల సందర్భంగా సంఘం బడికి ఏదైనా కానుక ఇవ్వాలనుకుంటోంది. కంప్యూటర్లు, బెంచీలు, నీటి ట్యాంకు అన్నీ అవసరమే, ఇవ్వండి. వాటితోపాటు ఖర్చు పెద్దగా లేని ఒక పని నా మనవిగా పెడుతున్నాను.

మన పూర్వ విద్యార్థుల్లో ముత్యాల దుకాణాలవాళ్లు, అత్తరు వ్యాపారులు, వెండి రేకు కొట్టే ఇళ్లవాళ్లు, మేస్త్రీలు, గాజులవాళ్లు ఉన్నారు. డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లూ ఉన్నారు. చుట్టుపక్కల బడుల్లో సైన్సు టీచర్లున్నారు. నెలకొక శనివారం మధ్యాహ్నం వీళ్లలో పదిమంది మన బడి ల్యాబులో కూర్చుంటే చాలు. ఒక పనివాడు తన పని చూపిస్తాడు. టీచర్లు చూసి, అడిగి, దాన్ని ఏ తరగతి ఏ పాఠానికి ముడివేయాలో కలిసి తేలుస్తారు. ఒకరు ఆ పాఠం చెబితే మిగతావాళ్లు వెనక కూర్చుని చూస్తారు, తర్వాత మాట్లాడుకుంటారు. జపాన్ టీచర్లు వందేళ్లకు పైగా చేస్తున్న పద్ధతి ఇదే. పనివాడికి ఆ రోజు కూలి, శాలువా రెండూ ఇవ్వాలి. శాలువా ఒక్కటే ఇచ్చి పంపితే అది గౌరవం కాదు.

పాఠాలకు కొదవ లేదు. గుండు సూది మొనంత వెండిని వెడల్పాటి రేకుగా సాగగొట్టే వరఖ్ పనిలో లోహాల గుణం ఉంది. రేకుల మధ్య జంతుచర్మం పొరలు వాడకూడదని 2016లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనలో విజ్ఞానం, ఆచారం, వ్యాపారం మూడూ ఉన్నాయి. అత్తరు సీసాలో స్వేదనం ఉంది. ముత్యంలో సున్నమే ఉంది, నిమ్మరసం చుక్క చాలు తెలుసుకోవడానికి. అయితే మంచి ముత్యం మీద మాత్రం ప్రయత్నించకండి, దుకాణందారు మన సంఘ సభ్యుడే కావచ్చు.

ఇంకో చిన్న నియమం కూడా పెట్టుకోమని అడుగుతున్నాను. క్లాసులో ఏ పిల్లవాడైనా పుస్తకంలో లేని సంగతి చెబితే, దాన్ని ఒక నోటుబుక్కులో రాయాలి. పక్కనే "నీకు ఎలా తెలుసు?" అని అడిగి, ఆ జవాబు కూడా రాయాలి. ఆ జవాబు తాతయ్య కావచ్చు, అమ్మ కావచ్చు, ఖార్ఖానా కావచ్చు. మొదటి రెండూ అయితే వాళ్లను బడికి పిలుద్దాం. మూడోది అయితే ఆ సాయంత్రమే మనం వాళ్లింటికి వెళదాం.

నేను ఆ నోటుబుక్కు పెట్టడానికి ఆలస్యం చేశాను. స్వర్ణోత్సవం జరుపుకుంటున్న మన బడిలో అది ఈ సంవత్సరమే మొదలవుతుందని ఆశిస్తున్నాను. మొదటి పేజీలో మొదటి ప్రశ్న నేనే రాసి ఇస్తాను: లక్క ఏ గడిలో రాయాలి?